ఊపిరి మీద ధ్యాస పెట్టమని నాకు చెప్పకండి

మనిషి పోయిన ఇంటికి వచ్చి "మెడిటేషన్ చెయ్యండి, అంతా సర్దుకుంటుంది" అని చెప్పి వెళ్ళిపోయేవాళ్ళ మీద నాకు చాలా కోపంగా ఉంది. ఈ పోస్ట్ వాళ్ళ కోసమే. పొడుగైంది, తీరిక ఉంటేనే చదవండి.

నేను మైండ్‌ఫుల్‌నెస్‌కి, అంటే ఇప్పుడు జరుగుతున్నదాని మీద ధ్యాస నిలిపే సాధనకి, వ్యతిరేకిని కాను. రోజూ చేస్తాను. నాన్న పోయాక నన్ను నిలబెట్టినవాటిలో అదీ ఒకటి. నా గొడవంతా మా హైదరాబాద్‌లో ఇప్పుడు దాన్ని అమ్ముతున్న తీరు మీద. ఏడ్చేవాళ్ళ నోరు మూయించడానికి, వాళ్ళని తొందరగా లాప్‌టాప్ ముందు కూర్చోబెట్టడానికి దాన్నొక పారాసిటమాల్ బిళ్ళలా వాడుతున్నారు.

మా నాన్న ఆర్టీసీ డ్రైవర్. ఊపిరితిత్తుల జబ్బుతో పోయారు. ఆఖరి నెలల్లో మా మల్కాజ్‌గిరి ఇంట్లో ఆక్సిజన్ కాన్‌సెంట్రేటర్ రాత్రీ పగలూ మోగుతూనే ఉండేది. ఆక్సీమీటర్‌లో అంకె 88కి వస్తే అమ్మ దేవుడి గదిలోకి వెళ్ళేది, 84కి వస్తే తమ్ముడు కారు తాళాలు వెతికేవాడు. నేను అర్ధరాత్రి లేచి నాన్న ఛాతీ లేస్తోందా లేదా అని చూసేదాన్ని. ఇంటిల్లిపాదీ ఆయన ఊపిరి లెక్కపెట్టుకుంటూ బతికాం.

ఆయన పోయాక ఆఫీసు వాళ్ళు మూడు రోజులు సెలవిచ్చారు. సంతాపం మెయిల్ కిందనే ఒక మెడిటేషన్ యాప్ లింకు, కొన్ని నెలలు ఉచితం అని. తర్వాత వెల్‌నెస్ సెషన్‌కి రమ్మన్నారు. గచ్చిబౌలిలో ఏసీ కాన్ఫరెన్స్ రూమ్, సగం లైట్లు ఆపేశారు, స్పీకర్లో సముద్రం చప్పుడు. ట్రైనర్ మెత్తగా మొదలుపెట్టాడు. "కళ్ళు మూసుకోండి. మీ శ్వాసను మాత్రమే గమనించండి. లోపలికి... బయటికి..."

నాకు చెమటలు పట్టాయి. వినపడింది నా ఊపిరి కాదు, నాన్నది. లేచి బయటికి వచ్చేశాను. ట్రైనర్ నా వెనకే వచ్చి, "రెసిస్ట్ చేయకండి మేడమ్, ఆలోచనల్ని అలా వదిలేయండి" అన్నాడు.

"పోయింది ఆలోచన కాదండీ, మా నాన్న" అన్నాను.

ఆ మనిషి చెడ్డవాడని అనను. కానీ ధ్యాస నిలపడానికి ఊపిరి ఒక్కటే దారి కాదు. చెవిన పడే చప్పుళ్ళు, నేలకి ఆనిన పాదాలు, చేతిలో ఉన్న గ్లాసు వేడి, ఏదైనా పనికొస్తుంది. కళ్ళు మూసుకోవాలనీ లేదు. ఇది ఈ విద్యలో మొదటి పాఠాల్లోనే ఉంటుంది. మొదలుపెట్టే ముందు "ఇక్కడ ఎవరికైనా ఊపిరి గమనించడం ఇబ్బందిగా ఉంటుందా?" అని ఒక్క మాట అడిగితే సరిపోయేది. 2021 వేసవిలో ఇదే హైదరాబాద్‌లో ఆక్సిజన్ సిలిండర్ కోసం జనం ఎన్ని ఫోన్లు చేశారో, ఎంతమంది కాళ్ళు పట్టుకున్నారో మనకి గుర్తే కదా. అలాంటి ఊళ్ళో వందమందిని ఒక గదిలో కూర్చోబెట్టి, ఏమీ అడక్కుండా ఊపిరి మీద ధ్యాస పెట్టించడం ఏం తెలివి?

అసలు ఈ మైండ్‌ఫుల్‌నెస్ ఎక్కడ మొదలైందో చూడండి. 1979లో జాన్ కబాట్-జిన్ అనే ఆయన అమెరికాలో, మసాచుసెట్స్ యూనివర్సిటీ మెడికల్ సెంటర్‌లో పెట్టిన క్లినిక్‌తో ఈ ఆధునిక రూపం వచ్చింది. ఎనిమిది వారాల కోర్సు. ఏళ్ళ తరబడి తగ్గని నొప్పులతో, మందులతో లాభం లేక వచ్చినవాళ్ళు చాలామంది. నొప్పి మాయం చేస్తామని వాళ్ళకి ఎవరూ చెప్పలేదు. నొప్పి ఉండగానే దానితో ఎలా మెలగాలో నేర్పారు. ఆ తర్వాత సెగల్, విలియమ్స్, టీస్‌డేల్ అనే ముగ్గురు దీన్నే డిప్రెషన్ తిరగబెట్టకుండా ఉండడానికి చికిత్సగా మలిచారు. దానికి గట్టి ఆధారాలున్నాయి, బ్రిటన్‌లో అధికారికంగా సిఫార్సు చేస్తారు. అయినవాళ్ళు పోయిన దుఃఖం మీద జరిగిన పరిశోధనలు మాత్రం తక్కువ, ఫలితాలు కూడా అంత గట్టివి కావు. యాప్ ప్రకటనల్లో ఈ తేడా ఎక్కడా కనిపించదు.

ఇంకా వెనక్కి వెళితే, దీనికి వేరు సతిపట్ఠాన సుత్తంలో ఉంది, అంటే ధ్యాస నిలపడం గురించి బుద్ధుడు చెప్పిన బోధలో. అందులో శ్మశానంలో పడున్న శవాన్ని తలచుకునే భాగం ఒకటుంది. అది ఉబ్బి, నీలం తిరిగి, కాకులు గద్దలు పీక్కుతిని, చివరికి ఎముకలు పొడి అయ్యేదాకా చూస్తూ "నా ఒళ్ళూ ఇలాంటిదే" అని గుర్తుచేసుకోవాలి. యాప్ వాళ్ళు ఆ శవాన్ని తీసేసి సముద్రం చప్పుడు పెట్టుకున్నారు. పెట్టుకోక ఏం చేస్తారులెండి, శవం చూపిస్తే సబ్‌స్క్రిప్షన్ ఎవరు కడతారు?

బుద్ధుడి పేరు చెప్పి నాకు శాంతి బోధించినవాళ్ళకి కిసాగోతమి కథ గుర్తు చేస్తాను. చచ్చిపోయిన బిడ్డని చంకనేసుకుని మందు కోసం తిరుగుతున్న తల్లిని ఆయన చెట్టు కింద కూర్చుని కళ్ళు మూసుకోమనలేదు. ఎవరూ చావని ఇంటి నుంచి ఆవాలు తెమ్మని ఊళ్ళోకి పంపాడు. ఆమె గడప గడపకీ వెళ్ళింది. ప్రతి ఇంట్లో ఎవరో ఒకరు ఆగి "మా ఆయన పోయాడమ్మా", "మా పెద్దోడు పోయాడమ్మా" అని చెప్పారు. ఈ కథని అందరూ "చావు అందరికీ తప్పదు" అనే ముక్క కోసమే చెప్తారు. నాకు మాత్రం ఆ గడపలు ముఖ్యం. ఆమె ఆ ఇళ్ళన్నీ తిరిగాకే బిడ్డని శ్మశానానికి తీసుకెళ్ళగలిగింది, ధర్మం వినడం ఆ తర్వాత. మన ఆఫీసులు గడపలన్నీ తీసేసి నేరుగా హెడ్‌ఫోన్స్ చేతికిస్తున్నాయి.

నాన్న పోయిన రోజు నల్గొండ నుంచి మా మేనత్త వచ్చింది. ఆటో దిగుతూనే రాగం ఎత్తుకుంది. "ఓ అన్నా... డ్యూటీ దిగి చెల్లె ఇంటికొస్తివి, ఉస్మానియా బిస్కట్లు తెస్తివి, నీళ్ళు తాగకముందే బండి టైమాయె అంటివి..." అపార్ట్‌మెంట్‌లో రెండు మూడు తలుపులు మూసుకున్నాయి. మా కజిన్ ఒకడు సిగ్గుపడి "అత్తా, జర మెల్లగా" అన్నాడు. ఆమె వినలేదు. నాన్న ఖాకీ చొక్కాకి ఊడిన గుండీ నుంచి, ఆయన జొన్నరొట్టెలో నంచుకునే పచ్చిమిరపకాయ దాకా అన్నీ వచ్చాయి ఆ ఏడుపులో. నేను గుడ్లప్పగించి కూర్చుంటే నా తల తన ఒళ్ళోకి లాక్కుని, "ఏడువు బిడ్డా, కడుపుల పెట్టుకుంటే పుండయితది" అంది. చాలాసేపటికి ఆమె ఏడుపు దానంతటదే ఆగింది. కొంగుతో మొహం తుడుచుకుని, "పొద్దున్నుంచి మీ అమ్మకి చాయ్ ఎవరన్నా ఇచ్చిన్రా?" అని అడిగింది.

వర్తమానంలో ఉండడం అంటే ఏంటో నాకు ఆ ట్రైనర్ కంటే మా మేనత్త బాగా చూపించింది.

మూడో రోజు పిట్టకి పెట్టడం, పదకొండో రోజు, నెల మాసికం, సంవత్సరీకం... ఇవన్నీ మూఢనమ్మకాలని కాలేజీ రోజుల్లో వాదించేదాన్ని. ఆత్మ సంగతి నాకు ఇప్పటికీ తెలియదు. కానీ "ఈ రోజు ఏడవడానికి" అని క్యాలెండర్‌లో తేదీలు రాసిపెట్టి ఉండడం చిన్న విషయం కాదు. మా పక్క ఫ్లాట్ ఖాన్ గారింట్లో అయితే మూడో రోజు జియారత్, నలభయ్యో రోజు చెహ్లుం. అసలు ఏటా ముహర్రం పదో రోజున దబీర్‌పురా నుంచి బీబీ కా ఆలం అనే పవిత్ర పతాకం ఏనుగు మీద బయల్దేరితే, పాతబస్తీ వీధుల్లో వేలమంది గుండెలు బాదుకుంటూ వందల ఏళ్ళ కిందటి ఇమామ్ హుసేన్ చావుకి ఏడుస్తారు. బయటికి ఏడవడం ఈ ఊరికి కొత్త కాదు. హైటెక్ సిటీ వైపు ఇళ్ళు మారాకే మనకి సిగ్గు పట్టుకుంది.

అలాగని పాతదంతా బంగారం అనే బ్యాచ్ కాదు నేను. పదకొండో రోజు అమ్మ గాజులు పగలగొట్టాలని, బొట్టు తీయాలని కొందరు పెద్దవాళ్ళు పట్టుబట్టారు. మేము ఒప్పుకోలేదు, పెద్ద గొడవైంది, ఇద్దరు బంధువులు భోజనం చేయకుండా వెళ్ళిపోయారు. వెళ్ళనీ. దుఃఖంలో ఉన్న ఆడమనిషిని పదిమందిలో ఇంకా చిన్నబుచ్చేది ఏ శాస్త్రమైనా నాకు అక్కర్లేదు.

సరే, నువ్వేం చేస్తావు అని అడుగుతారు కదా. పొద్దున్నే బాల్కనీలో కళ్ళు తెరుచుకునే కూర్చుంటాను, పది నిమిషాలు. చప్పుళ్ళు వింటాను. పాలవాడి బండి, పై ఫ్లాట్‌లో మిక్సీ, మల్కాజ్‌గిరి స్టేషన్ వైపు రైలు కూత. మధ్యలో నాన్న వస్తారు. వచ్చినప్పుడు తరిమేయను. ఒంట్లో అది ఎక్కడ తెలుస్తోందో చూస్తాను. నాకు ఎక్కువగా గొంతులో, ముద్ద అడ్డం పడ్డట్టు. పేరు పెట్టుకుంటాను: ఇది దిగులు, ఇది కోపం (ఆయన మానని బీడీల మీద), ఇది భయం. కాసేపు బిగుస్తుంది, తర్వాత సడలుతుంది. ఒక్కోసారి సడలదు, ఏడుస్తాను, అదీ అందులో భాగమే. పూర్తయ్యాక ప్రశాంతంగా ఉంటానా అంటే చాలాసార్లు ఉండను. కాకపోతే మీటింగ్ మధ్యలో ఆయన గుర్తొస్తే ఇదివరకులా బాత్రూమ్‌లోకి పరిగెత్తడం లేదు. ఆ బిగింపు నాకు తెలిసిన బిగింపే, కాసేపటికి వదులుతుందని తెలుసు. నాకు దీనివల్ల దొరికింది ఇంతే. ఇది తక్కువేమీ కాదు.

కూర్చోలేని రోజు అంట్లు తోముతాను. నీళ్ళు, పీచు, గిన్నె. అదీ సాధనే, యాప్ అక్కర్లేదు.

ఇంకోటి, ఎప్పుడూ దుఃఖంలోనే ధ్యాస పెట్టి కూర్చోవాలని కూడా లేదు. స్ట్రోబ్, షుట్ అనే ఇద్దరు పరిశోధకులు 1999లోనే చెప్పారు. మనిషి కాసేపు పోయినవాళ్ళ వైపు, కాసేపు బతుకు పనుల వైపు ఊగుతూ ఉంటాడు, అలా ఊగడమే మామూలు. రైతుబజార్లో టమాటాలు బేరం ఆడుతూ నాన్నని పూర్తిగా మర్చిపోయిన అరగంట కూడా శోకంలో భాగమే. శోకానికి ఐదు దశలుంటాయనే సిద్ధాంతం వల్లించేవాళ్ళకి ఒక సంగతి: 1969లో కూబ్లర్-రాస్ ఆ దశలు రాసింది చావుకి దగ్గరపడ్డ రోగులతో మాట్లాడి. వెనక మిగిలినవాళ్ళు వరసగా ఎక్కాల్సిన మెట్లుగా కాదు. "నువ్వింకా యాంగర్ స్టేజ్‌లో ఉన్నావ్" అని నాకు చెప్పకండి, నిజంగానే కోపం వస్తుంది.

నాన్న పోయిన రెండో వారంలోనే ఒకాయన "విపశ్యనకి వెళ్ళమ్మా, పది రోజుల్లో తేలికైపోతావ్" అన్నారు. నాగార్జునసాగర్ రోడ్డులో ఉన్న కేంద్రం గురించి. అక్కడికి వెళ్ళి బాగుపడినవాళ్ళు నాకు తెలుసు, ఆ కోర్సు మీద గౌరవం ఉంది. ఫీజు కూడా తీసుకోరు. కానీ తెల్లవారుజామున నాలుగింటికి లేచి, రోజుకి దాదాపు పది గంటలు ధ్యానంలో కూర్చుని, దాదాపు పది రోజులు తోటివాళ్ళతో మాట్లాడకుండా ఉండడం విశ్రాంతి కాదు, కష్టమైన పని. దరఖాస్తులోనే మానసిక ఆరోగ్యం గురించి అడుగుతారు, ఊరికే అడగరు. నిన్నగాక మొన్న చితికి నిప్పు పెట్టొచ్చిన మనిషి నోరు కట్టేసుకోవడం మంచిదో కాదో ఆలోచించకుండా సలహా పారేయడం ఎందుకు?

ధ్యానంతో పని జరగని పరిస్థితి కూడా ఉంటుంది. నెలలు గడిచినా తిండి సయించక, నిద్ర లేక, పోయినవాళ్ళ దగ్గరికే పోవాలనిపిస్తుంటే డాక్టర్‌ని కలవాలి. తగ్గని శోకాన్ని ఇప్పుడు వైద్యులు ఒక సమస్యగానే గుర్తిస్తున్నారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ జబ్బుల జాబితా ప్రకారం కనీసం ఆరు నెలలు, అమెరికన్ సైకియాట్రిస్టులు జబ్బుల్ని గుర్తించడానికి వాడే పుస్తకం ప్రకారం పెద్దవాళ్ళకి ఏడాది దాటితే. చచ్చిపోవాలన్న ఆలోచన వస్తే మాత్రం నెలలు లెక్కపెట్టక్కర్లేదు, ఆ రోజే వెళ్ళాలి. ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రి పేరు చెప్పి ఎగతాళి చేసే అలవాటు ఈ ఊళ్ళో ఇంకా పోలేదు. అక్కడికి వెళ్ళడానికి మొహమాటమైతే 14416కి ఫోన్ చేయండి. టెలీ మానస్, కేంద్ర ప్రభుత్వానిది, ఉచితం, రాత్రైనా పగలైనా, తెలుగులోనూ మాట్లాడతారు.

ఇక కంపెనీల వాళ్ళకి. సెషన్లు తర్వాత పెట్టుకోవచ్చు, ముందు సెలవు పెంచండి. మూడు రోజులంటే అస్థికలు కలిపి వచ్చేసరికే అయిపోతాయి. డెత్ సర్టిఫికెట్, బ్యాంకు, పెన్షన్ కాగితాల కోసం తిరిగే రోజులు ఎవరి ఖాతాలో వేస్తారు? వెల్‌నెస్ బడ్జెట్‌లో కొంత అటు మళ్ళించినా చాలు.

ఓదార్చడానికి వచ్చేవాళ్ళకి పెద్ద కోరికలేమీ లేవు. పప్పన్నం తెండి. అమ్మ దగ్గర కూర్చోండి. పోయిన మనిషి గురించి ఏదైనా అడగండి, ఆ మనిషి పేరెత్తితే మేమేం విరిగిపోము. మా టీమ్‌లో కొత్తగా చేరిన అబ్బాయి ఒకడు మొన్న లంచ్‌లో "మీ నాన్నగారు ఏ రూట్‌లో నడిపేవారు అక్కా?" అని అడిగాడు. హైదరాబాద్–నల్గొండ అని చెప్పాను. ఎంజీబీఎస్ నుంచి దిల్‌సుఖ్‌నగర్, ఎల్బీ నగర్, చౌటుప్పల్, నార్కట్‌పల్లి దాకా ఒక్కో స్టాపు, ఒక్కో చోట ఆయన చాయ్ తాగే కొట్టు, అన్నీ చెప్పాను. వాళ్ళది చిట్యాలట, చిన్నప్పుడు ఆ బస్సుల్లోనే తిరిగాడట. ఇద్దరం మీటింగ్‌కి లేటయ్యాం, మేనేజర్ అడిగితే బస్సు గురించి మాట్లాడుకుంటున్నామని చెప్పాం.