వ్యాను డ్రైవర్ పేరు కూడా చెప్పాడు, ఆయన పేరు చెప్పలేదు

రాత్రి ఒంటిగంటకి ఇల్లు చేరాను. పడుకుంటే నిద్ర పట్టలేదు. ఇప్పుడు పొద్దున్న ఆరున్నర. కాఫీ కూడా పెట్టుకోకుండా కూర్చుని ఇది రాస్తున్నాను. ఒళ్ళు మండిపోతోంది.

నిన్న శనివారం కదా, ఫోర్ట్‌వర్త్ అవతల ఒక డాన్స్ హాల్‌కి వెళ్ళాం, ఆఫీసు వాళ్ళం నలుగురం. మిగతా ముగ్గురూ మనవాళ్ళే. డాలస్ వచ్చి పదేళ్ళు దాటినా ఒక్కసారి కూడా కంట్రీ బ్యాండ్‌ని, అంటే ఇక్కడి పల్లెపాటల బ్యాండ్‌ని, ఎదురుగా కూర్చుని వినలేదంటే నేనే పట్టుబట్టి తీసుకెళ్ళాను. స్టేజీ మీద ఆరుగురు. పాడే కుర్రాడు, ఎలక్ట్రిక్ గిటార్, బాస్, డ్రమ్స్, ఫిడిల్. ఎడమ చివర, స్పీకర్ పెట్టె పక్కన, లైటు సరిగ్గా పడని చోట పెడల్ స్టీల్ (బల్లలా పడుకోబెట్టి, తీగల మీద ఉక్కు కడ్డీ జారుస్తూ వాయించే గిటార్) ముందు కూర్చున్న పెద్దాయన. డెబ్భై దాటి ఉంటాయి.

రెండున్నర గంటలు వాయించారు. దాదాపు ప్రతి పాటా ఆయనతోనే మొదలైంది. పాడే కుర్రాడు ఊపిరి తీసుకున్న ప్రతి ఖాళీలోనూ ఆయనే. రెండో సెట్ మధ్యలో మూడో తీగ తెగింది. చాలా సన్నటి తీగ అది, స్టీల్ వాళ్ళకి తరచూ తెగేది అదే. ఆయన ఆపలేదు. ఉన్న తీగల మీద దారి వెతుక్కుని పాట పూర్తి చేసి, తరవాత పాటకి గిటార్ కుర్రాడు లీడ్ వాయిస్తుంటే తల వంచుకుని కొత్త తీగ ఎక్కించి, ఒక్క చెవి దగ్గరగా పెట్టి శృతి చేసుకుని, ఆఖరి చరణానికి అందుకున్నాడు. హాల్లో ఎవరికీ తెలియలేదు.

చివరి పాట ముందు కుర్రాడు బ్యాండ్‌ని పరిచయం చేశాడు. డ్రమ్స్ ఫలానా, బాస్ ఫలానా, ఫిడిల్ అమ్మాయి ఫలానా. గిటార్ అతని గురించి రెండు నిమిషాలు. బయట టీషర్టులు అమ్ముతున్న అమ్మాయి పేరు. వ్యాను నడిపినతని పేరు. అతని పేరు చెప్పడం మంచిదే, రాత్రుళ్ళు నిద్ర మానుకుని తిప్పుతున్నాడు. కానీ ఈయన? ఈయన కడ్డీ తీగల మీద నుంచి తీసి పక్కన పెట్టాడు. చెయ్యి సగం లేపాడు, జనానికి ఊపడానికి. నేను చూశాను, పదిహేనడుగుల దూరంలో ఉన్నాను. కుర్రాడు వెనక్కి తిరిగి 'ఇక మొదలుపెడదాం' అన్నాడు. ఆ లేచిన చెయ్యి అలాగే కిందకి దిగి, కడ్డీ అందుకుని, ఆఖరి పాటకి ఇంట్రో వాయించింది.

'మర్చిపోయుంటాడులే, వదిలెయ్' అన్నాడు మావాడు. ఎలా వదిలెయ్యమంటారు చెప్పండి. ఏ స్వరం మీద నోరు తెరవాలో పాట పాటకీ నీకు అందించిన మనిషిని నువ్వు ఎలా మర్చిపోతావు?

హాల్లోకి వెళ్ళగానే మావాడే అడిగాడు, 'ఆ టేబుల్ ఏంటి?' అని. అది టేబుల్ కాదు నాయనా. రెండు మెడలు, ఒక్కోదానికి 10 తీగలు. ఎడమ చేతిలో గుండ్రటి ఉక్కు కడ్డీ. కుడి చేతి బొటనవేలికీ, ఇంకో రెండు వేళ్ళకీ పిక్స్. కుడి పాదం వాల్యూమ్ పెడల్ మీద. ఎడమ పాదం కింద వరసగా పెడల్స్, పెద్ద వాయిద్యానికి ఎనిమిది దాకా. మోకాళ్ళతో అటూ ఇటూ తొయ్యడానికి లివర్లు. వీణకున్నట్టు మెట్లు ఉండవు. పైన గీతలుంటాయి, అవి కంటికే గానీ చేతికి కాదు. కడ్డీ వెంట్రుకవాసి పక్కకి జరిగితే అపస్వరం. చేతులు, పాదాలు, మోకాళ్ళు, చెవులు అన్నీ ఒకే క్షణంలో ఒకే మాట మీద ఉండాలి.

తీగ మీటుతాడు. అది మోగుతుండగానే పెడల్ తొక్కుతాడు. ఒక తీగ ఉన్నచోటే ఉంటుంది, పక్క తీగ మెల్లగా పైకి పాకుతుంది. కడ్డీ అంగుళం కదలకుండా, ఎడం పాదంతో రెండు పెడల్స్ కలిపి తొక్కితే మూల కార్డు (కలిసి మోగే స్వరాల గుంపు) కాస్తా నాలుగో కార్డు అయిపోతుంది. ఆ పాకడం దగ్గరే గొంతులో ఏదో అడ్డం పడుతుంది. నిన్న వాల్ట్జ్ పాటకి అదే జరిగింది. అప్పటిదాకా ఫోన్ చూసుకుంటున్న మావాడు ఫోన్ బోర్లించి పెట్టి, కాసేపు ఏమీ మాట్లాడకుండా కూర్చున్నాడు. పాడిన కుర్రాడు చేసిన పని కాదది.

ఆ పాకుడుని దేశమంతా మొదట విన్నది కంట్రీ గాయకుడు వెబ్ పియర్స్ పాటలో. 1953 చివర్లో రికార్డు చేశారు, 1954లో నంబర్ వన్. వాయించింది బడ్ ఐజాక్స్. పెడల్స్ అంతకుముందూ ఉన్నాయి, కానీ మోగే తీగని తొక్కి ఆ జారుడుని పాటకి ప్రాణం చేసింది ఆయన. ఆ ఒక్క రికార్డు విని స్టీల్ వాళ్ళందరూ వాయిద్యాలకి పెడల్స్ బిగించుకోవడానికి పరిగెత్తారు. ఒక మనిషి కాలి మడమ తిప్పితే ఒక దేశపు సంగీతం రంగు మారింది. ఆయన పేరు ఎంతమందికి తెలుసు?

ఇంకో సంగతి చెప్పాలి, ఫోర్ట్‌వర్త్ కాబట్టి. 1935 జనవరిలో ఈ ఊరి బ్యాండే, మిల్టన్ బ్రౌన్ వాళ్ళది, షికాగో వెళ్ళి రికార్డులు చేసింది. అందులో బాబ్ డన్ స్టీల్ గిటార్‌కి కరెంటు పెట్టి వాయించాడు. కంట్రీ రికార్డుల్లోకి కరెంటు గిటార్ అలా వచ్చింది. ఆ మాటకొస్తే అమ్మకాల్లో నిలదొక్కుకున్న మొదటి ఎలక్ట్రిక్ గిటార్, రికెన్‌బ్యాకర్ 'ఫ్రయింగ్ పాన్', 1932 నాటిది, ఒళ్ళో పెట్టుకుని కడ్డీతో వాయించే స్టీలే. నిన్న స్టేజీ అంచుకి వచ్చి నిలబడి చప్పట్లు కొట్టించుకున్న ఆ ఎలక్ట్రిక్ గిటార్‌కి ఇది తోడబుట్టిన అన్న. ఆ అన్నని ఈ ఊళ్ళోనే చీకట్లో కూర్చోబెట్టారు.

స్టూడియోలో ఇంకా ఘోరం. కంట్రీ రికార్డులన్నిటికీ కేంద్రం లాంటి నాష్‌విల్‌లో రికార్డింగ్ సెషన్ అంటే మూడు గంటలు. వచ్చి కూర్చుంటారు, డెమో ఒకసారి వినిపిస్తారు, కాగితం మీద 1, 4, 5 అని కార్డుల అంకెలు మాత్రం ఉంటాయి. స్వరాలు రాసి ఉండవు. 'ఇంట్రో నువ్వు తీసుకో' అంటారు. స్టీల్ ఆయన అప్పటికప్పుడు ఒక బిట్ అల్లుతాడు. అరవై ఏళ్ళ తరవాత కూడా జనం ఆ బిట్ వినే పాట గుర్తుపడతారు, గాయకుడు నోరు తెరవకముందే. దానికి దక్కేది మూడు గంటల కూలి. పాట రాసినవాళ్ళకి తరతరాలు రాయల్టీ. ఈ బిట్ మాత్రం 'రాయడం' కిందకి రాదట! ఈ దేశంలో మామూలు AM, FM రేడియో స్టేషన్లు పాట వేసినందుకు పాడినవాళ్ళకే ఏమీ ఇవ్వవు, ఇక వాయించినవాళ్ళని ఎవరు తలుచుకుంటారు.

రాల్ఫ్ మూనీ అనే స్టీల్ ఆయన ఒక పాట రాయడంలో కూడా చెయ్యి వేశాడు కాబట్టి ఆ పాటకి పేరు దక్కింది. 1956లో రే ప్రైస్ పాడితే 20 వారాలు నంబర్ వన్‌గా ఉంది. అదే మూనీ వేలి నుంచి కాలిఫోర్నియా బేకర్స్‌ఫీల్డ్ గాయకుల పాటల్లో పుట్టిన బిట్లకి లెక్కే లేదు. గాయకుడు వేలాన్ జెన్నింగ్స్ వెనక ఇరవై ఏళ్ళు కూర్చున్నాడు. హాంక్ విలియమ్స్ గొంతు అందరికీ తెలుసు. ఆ గొంతు పక్కన పై స్థాయిలో సన్నగా ఏడ్చే స్టీల్ డాన్ హెల్మ్స్‌ది, పెడల్స్ కూడా లేనిది. హాంక్ 1953 జనవరి 1న, 29 ఏళ్ళకే పోయాడు. హెల్మ్స్ 2008 దాకా మన మధ్యే ఉన్నాడు. ఆ పాటలు ఈ రోజుకీ సగం హెల్మ్స్‌వే, నేను అలాగే వింటాను.

ఇంకో స్టీల్ ఆయన, పీట్ డ్రేక్ సంగతి తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది. 1968లో టామీ వైనెట్ పాడిన అతి పెద్ద పాటలో ఆయనే. 1969లో బాబ్ డిలన్ నాష్‌విల్ రికార్డులో ఆయనే. 1970లో జార్జ్ హారిసన్ లండన్‌కి పిలిపించుకున్నాడు. బీటిల్స్ మనిషి సముద్రం అవతల నుంచి కబురు పెట్టి పిలిచాడు. ఇంట్లోవాళ్ళకి మాత్రం తీరిక దొరకలేదు. డ్రేక్ 1988లో పోయాడు. కంట్రీ మ్యూజిక్ హాల్ ఆఫ్ ఫేమ్ వాళ్ళు ఆయన పేరు ప్రకటించింది 2021లో. 33 ఏళ్ళు! ఆ హాల్ మొదలైందే 1961లో. ఎంతమంది గాయకులకి బతికుండగానే గోడ మీద చోటిచ్చారో చూడండి, వాళ్ళ పాటలకి ఏడుపు అద్దిన మనిషి బొమ్మ పెట్టడానికి మాత్రం అన్నేళ్ళు కావాలా?

పట్నం వాళ్ళకి రికార్డులు అమ్మాలి అనుకున్నప్పుడల్లా ముందు కత్తెర పడేది స్టీల్ మీదే. 1950ల చివర్లో నాష్‌విల్ సౌండ్ పేరుతో అదే చేశారు, స్టీలూ ఫిడిలూ తగ్గించి వయొలిన్ల గుంపుని దించారు. ఇప్పుడు టూర్లలో ఇంకో పద్ధతి. స్టూడియోలో ఒకాయన చేత వాయించి, దాన్ని లాప్‌టాప్‌లో పెట్టి, స్టేడియంలో మీట నొక్కుతారు. వాయించినాయన నాష్‌విల్‌లో ఇంట్లో ఉంటాడు. లేకపోతే బాంజో, మాండలిన్, అకూస్టిక్ గిటార్ వాయించే కుర్రాడికే 'స్టీల్ కూడా చూసుకో' అని నాలుగో పనిగా అప్పజెబుతారు. జీవితమంతా పెట్టినా ఇంకా మిగిలే వాయిద్యం అది. స్టీల్ వాయించే బడ్డీ ఎమన్స్ పద్ధెనిమిదేళ్ళ వయసులో గాయకుడు లిటిల్ జిమ్మీ డికెన్స్ బ్యాండ్‌లో చేరి, ఉన్న వాయిద్యం చాలక, తీగల కూర్పు మార్చి, చివరికి తన పేరుతో స్టీల్ గిటార్ల కంపెనీయే పెట్టాడు. అలాంటి వాయిద్యం నాలుగో పని ఎలా అవుతుంది?

లాప్‌టాప్ అంటే నాకు మా చిన్న మేనమామ గుర్తొస్తాడు. నిన్న రాత్రి నిద్ర పట్టకపోవడానికి అసలు కారణం అదేనేమో.

మామయ్య తెనాలిలో ఒక ఆర్కెస్ట్రాలో హవాయిన్ గిటార్ వాయించేవాడు. శ్రీరామనవమి పందిళ్ళు, పెళ్ళిళ్ళు, వినాయక చవితి. ఆ గిటారూ ఈ పెడల్ స్టీలూ ఒకే ఇంటి బిడ్డలు. హవాయిలో జోసెఫ్ కెకుకు 1880ల్లో గిటార్ మీద ఉక్కు ముక్క జార్చడం మొదలుపెడితే, అది ఒక దారిన టెక్సస్, నాష్‌విల్ చేరి పెడల్ స్టీల్ అయింది. ఇంకో దారిన, 1940ల్లో టావు మో కుటుంబం కలకత్తాలో ఉండి వాయించి నేర్పితే, అక్కడి నుంచి సినిమా పాటల్లోకి, మన ఆర్కెస్ట్రాల్లోకి వచ్చింది. మన గోటువాద్యం ఎలాగూ ఉంది, జార్చే స్వరం మన చెవికి కొత్త కాదు.

మామయ్య ఆ ఉక్కు కడ్డీని జేబురుమాల్లో చుట్టి చొక్కా జేబులో పెట్టుకునేవాడు. ఆ బరువుకి జేబు ఒక పక్కకి వేలాడేది. స్టేజీ మీద మైకు పట్టుకున్నాయన గాయకుల పేర్లు బిరుదులతో సహా చదివేవాడు. తబలా ఆయన పేరు చెప్పేవాడు. గిటార్ దగ్గరికి వచ్చేసరికి 'మరియు ఇతర వాద్య బృందం' అనేవాడు. ఆ 'ఇతర' మా మామయ్య. ముందు వరసలో కూర్చుని నేను ప్రతిసారీ ఎదురుచూసేవాణ్ణి, ఈసారైనా చెప్తాడేమోనని. తరవాత పెద్ద కీబోర్డు కొన్నారు. 'ఇందులో నీ గిటార్ కూడా ఉంది ప్రసాదూ' అని కూడా అనలేదు, పేరు పెట్టి పిలిస్తే అదొక తృప్తి. 'ఇందులో అన్నీ ఉన్నాయి, రేపట్నుంచి రావక్కర్లేదు' అన్నారు. పన్నెండేళ్ళ వాయింపుకి ఆ ఒక్క వాక్యం. కరివేపాకు తీసి పక్కన పెట్టినట్టు. గిటార్ అటక మీదకి వెళ్ళింది. మామయ్య ఎరువుల కొట్లో గుమాస్తాగా చేరాడు. ఆ కీబోర్డులో గిటార్ నేను విన్నాను. జారేది కాదది.

అందుకే నిన్న అందరూ వెళ్ళిపోయాక నేను స్టేజీ దగ్గరికి వెళ్ళాను. పెద్దాయన మోకాళ్ళ మీద కూర్చుని పెడల్ కడ్డీలు ఒక్కొక్కటీ ఊడదీసి గుడ్డలో చుడుతున్నాడు. కాళ్ళు మరతిప్పి తీశాడు. పెట్టెలో సర్దాడు. ఆ పెట్టె ఒక పక్క నేను పట్టుకున్నాను, ముప్ఫై కిలోలు పైమాటే. మిగతావాళ్ళు వ్యాను దగ్గర నవ్వుకుంటున్నారు. మీ పేరు చెప్పలేదేం సర్ అని అడుగుదామని వెళ్ళినవాణ్ణి, ఆయన ముఖం చూశాక అడగలేకపోయాను. ఆయనే నన్ను ఒకటి అడిగాడు: 'వెనకాల దాకా వినపడిందా?'

వినపడింది సర్ అన్నాను. వాల్ట్జ్ పాట గురించి చెప్పాను, మావాడు ఫోన్ బోర్లించిన సంగతి చెప్పాను. తల ఊపి, తెగిన ఆ మూడో తీగ గురించి చెప్పాడు. అప్పుడు పేరు అడిగాను. చెప్పాడు, స్పెల్లింగ్‌తో సహా. ఇక్కడ రాయొచ్చా అంటే వద్దన్నాడు, 'హాల్లో చెప్పు, ఫోన్లో ఎందుకు' అన్నాడు. ఆ మాట మీదే ఉంటాను.

వచ్చే శనివారం అదే హాల్, అదే బ్యాండ్, ఎనిమిదింటికి. డాలస్‌లో ఉన్నవాళ్ళు ఎవరైనా వస్తానంటే కింద చెప్పండి, కారులో ముగ్గురికి చోటుంది. స్టేజీకి ఎడమ పక్క టేబుల్స్ తీసుకుందాం. ఆయన బిట్ అయిన వెంటనే చప్పట్లు కొట్టండి, పాట అయ్యేదాకా ఆగొద్దు. పరిచయాల దగ్గర ఆ కుర్రాడు మళ్ళీ దాటేస్తే పేరు నేను అరుస్తాను.