టిఫిన్ గారి సముఖమునకు సీమవాసుల అర్జీ

మహారాజశ్రీ టిఫిన్ గారికి,

కర్నూలు, కడప, అనంతపురం జిల్లాల తిండిమనుషులం అందరం కలిసి రాసుకుంటున్న విన్నపం.

ముందు తమరి వంశం సంగతి. తమరు పుట్టింది ఇంగ్లీషులోనే అయినా గొప్పింట్లో కాదు. ఫ్రాన్సిస్ గ్రోస్ అనే ఆయన వీధిమాటలన్నీ పోగేసి 1785లో అచ్చువేసిన నిఘంటువులో ‘టిఫింగ్’ అంటే వేళ కాని వేళ తినడం, తాగడం అని ఉంది. ఆ మాటే ఈస్టిండియా కంపెనీ దొరల నోట నలిగి టిఫిన్ అయింది. 1800లో నిజాం ఈ సీమను కంపెనీకి ధారపోశాడు, మన్రో దొర అనంతపురంలో మకాం పెట్టి శిస్తు లెక్కలు కట్టాడు, 1820లో, తర్వాత తెలుగు నిఘంటువు కట్టిన బ్రౌన్ దొర కడపకు వచ్చాడు. ఆ కాలపు దొరల ఇళ్లలో తమరంటే మధ్యాహ్నం పూట తేలికపాటి భోజనం. 1886 నాటి హాబ్సన్-జాబ్సన్ నిఘంటువూ ఆ మాటే చెప్పింది.

అట్లాంటి మధ్యాహ్నపు మనిషి ఇప్పుడు మధ్యాహ్నం కనబడితే ఒట్టు. పన్నెండు గంటలకు టిఫిన్ సెంటర్‌కు పోయి రెండిడ్లీ అడిగి చూడండి. “టిఫిన్ ఐపోయిందన్నా, మీల్సే” అంటాడు. మళ్లీ దీపాలు పెట్టే వేళకు అదే పెనం, అదే పిండి, అదే తమరు. పుట్టినింట్లో పరిస్థితి ఇంకా విచిత్రం. బ్రిటన్‌లో ఇప్పుడు తమరి పేరుతో అమ్ముతున్నది బిస్కెట్లు నలగ్గొట్టి, వెన్న, పాకం, కోకో, ఎండుద్రాక్ష కలిపి, పైన చాక్లెట్ పోసి చల్లార్చి ముక్కలు కోసే మిఠాయి. పొయ్యి మీద కాల్చే పని కూడా లేదు.

ఇక మా భాషలో తమరు చేసిన గడబిడ. మేం అన్నం తింటాం, కాఫీ తాగుతాం. తమర్ని మాత్రం ‘చేస్తాం’. స్నానం చేసి, పూజ చేసి, టిఫిన్ చేసి అంటూ పుణ్యకార్యాల వరసలో కూర్చున్నారు. దీనివల్ల ఇంట్లో జరిగేది చూడండి. “అత్తా, టిఫిన్ చేసినావా?” అని కోడలు అడుగుతుంది. “చేసినా. ఇంకా చేయలేదు” అని అత్త జవాబు. వండింది గానీ తినలేదని మాకు అర్థమవుతుంది, పరాయివాడికి మతి పోతుంది. పోనీ డబ్బాకైనా తమరి పేరు కుదిరిందా అంటే అదీ లేదు. టిఫిన్ బాక్సు మూత తీస్తే లోపల ఉండేది పప్పన్నం. నాలుగు గిన్నెల టిఫిన్ క్యారియర్ అయితే అన్నం, పప్పు, తాలింపు, మజ్జిగ. ఇడ్లీ పెట్టుకునే జాగా అందులో ఏదీ?

అసలు ఫిర్యాదు శనివారం గురించి. వెంకటేశ్వరస్వామికి ఒక్కపొద్దు ఉండేవాళ్లు మాపటికి అన్నం ముట్టరు. “ఏదో ఇంత టిఫిన్ చేస్తాలే” అంటారు. ఆ ఇంత ఏమిటో కొలుద్దాం. దోసెపిండికి మూడు పాళ్లు బియ్యం, ఒక పాలు మినప్పప్పు. ఇడ్లీకి రెండు పాళ్లు బియ్యపు రవ్వ, ఒక పాలు మినప్పప్పు. బొరుగులతో చేసే ఉగ్గాని అయితే మొత్తానికి మొత్తం బియ్యమే, కాకపోతే పేలింది. మెతుకు రూపంలో కనబడకపోతే చాలు, తమరు బియ్యానికి దొంగ పాసు రాసిచ్చేస్తున్నారు! షుగరున్నవాళ్లదీ ఇదే దారి. రాత్రి అన్నం తగ్గించమని డాక్టరు చెబితే నాలుగు దోసెలేసుకుని, చక్కెర ఎందుకు దిగలేదని మాత్రను తిట్టుకుంటారు. పొంగల్ విషయం మాత్రం మాకే తేలలేదు. ఉడికిన బియ్యం కళ్లెదుటే మెతుకులుగా కనిపిస్తున్నా హోటల్‌లో అది టిఫినే.

ఉగ్గాని పేరు వచ్చింది కాబట్టి చెప్పాలి, తమరి ఖాతాలో ఉన్న ఏకైక ఘనత అది. అదైనా చేతనైనట్టు చేస్తేనే. నలుగురికి రెండు వందల గ్రాముల బొరుగులు తీసుకోవాలి. భేల్‌పూరికి వాడే పలచటి బొరుగులు పనికిరావు, నీళ్లు తగలగానే జావైపోతాయి. సీమలో దొరికే లావు బొరుగులే కావాలి. వాటినీ బక్కెట్లో నానేసి పక్కకు పోకూడదు. నీళ్లలో ముంచి, మెత్తబడగానే గుప్పెడు గుప్పెడుగా తీసి రెండు అరచేతుల మధ్య పిండాలి. పిండడం తక్కువైతే ముద్ద, నానడం తక్కువైతే పంటి కింద రబ్బరు. తాలింపులో ఆవాలు, జీలకర్ర, కరివేపాకు, రెండు ఎర్రగడ్డలు, దంచిన పచ్చిమిరపకాయలు ఆరేడు, పసుపు. ఉప్పు దగ్గర చెయ్యి ఆపాలి, బొరుగులకు వేయించేటప్పుడే ఉప్పు పడుతుంది. ఒకటి నోట్లో వేసుకుని చూసి అప్పుడు వేయడం మేలు. పుట్నాలు, ఎండుకొబ్బరి, తెల్లగడ్డ కలిపి కొట్టిన పొడి నాలుగు చెంచాలు పొయ్యి ఆపేసిన తర్వాతే చల్లాలి. మంట మీద చల్లితే తేమ పీల్చి ఉండలు కడుతుంది, అడుగంటుతుంది. నిమ్మరసం ఆఖర్న. అరగంట గడిస్తే ఎంత బాగా చేసినా ఎండిపోతుంది, పార్సిల్ కట్టించుకునేవాళ్ల మీద మాకు జాలి. పక్కన మిరపకాయ బజ్జి లేకపోతే దాన్ని ఉగ్గాని అనేందుకు నోరు రాదు. చీల్చిన కాయలో వాము, ఉప్పు, చింతపండు నూరిన ముద్ద కూరాలి, శనగపిండి గరిటెకు పట్టుకునేంత చిక్కగా ఉండాలి. పలచనైతే పిండి కాయను వదిలి నూనెలో ఈదుతుంది.

కడప కారం దోసెకూ తమరే దిక్కు. దోసె పైభాగం తడి ఆరకముందే ఎర్రకారం పూస్తే పిండి గరిటెకు అంటుకుని లేచొస్తుంది. ఆ ఓపిక లేక చిల్లుల దోసెలు పెట్టేవాళ్లను తమరే దండించాలి.

ఇన్నింటికి చోటిచ్చిన తమరు మా పాతవాటికి మాత్రం గడప తొక్కనివ్వలేదు. రాత్రి మిగిలిన సంగటిని మజ్జిగలో పిసికి, ఎర్రగడ్డ కొరుక్కుంటూ తిని చేనికి పోయినవాడిని “టిఫిన్ చేసినావా?” అని అడిగితే “లేదు, సద్ది తాగినా” అంటాడు. కడుపు నిండింది, అయినా టిఫిన్ కాలేదు! జొన్నరొట్టె, చెనిక్కాయల ఊరిబిండి పచ్చడి తిన్నా అంతే. బోర్డు మీద పూరీ ఉంటుంది, రొట్టె ఉండదు. అదే జొన్న పట్నంలో మిల్లెట్ దోసెగా వస్తే మాత్రం తమరు లేచి నిలబడి కుర్చీ వేస్తారు.

అందుకని మా కోరిక ఒక్కటి. శనివారం మాపటికి రాగిసంగటిని టిఫిన్‌గా గుర్తిస్తూ ఉత్తర్వు ఇప్పించండి. ఈ మాట ఇళ్లలో ఎత్తితే పెద్దవాళ్లు అడ్డం తగులుతున్నారు. సంగటిలో గుప్పెడు బియ్యం వేసి ఉడికిస్తాం కదా, ఒక్కపొద్దు చెడుతుందట. అంటూనే నాలుగో దోసెకు పిండి వేస్తున్నారు.

ఇట్లు,
ఆ నాలుగో దోసె కోసం పళ్లెం పట్టుకుని కూర్చున్నవారు