ముందు సీటు స్పీకర్‌ది

మొన్న ఆదివారం పొద్దున్నే మా గ్రూపులో ఒక ఫోటో పడింది. ఎవరికైనా బాబు పుట్టాడేమో అనుకుని ఆత్రంగా తెరిస్తే, కొత్త బ్లూటూత్ స్పీకర్. కింద చక్రాలు, లాక్కెళ్లడానికి హ్యాండిల్, ముందు భాగంలో అమ్మవారి జాతరలో ప్రభకి కట్టినట్టు రంగు లైట్లు. కింద మావాడు "లంబసింగికి మేం రెడీ" అని రాశాడు. మేం అంటే తనూ, అదీ. అప్పటికే ఇద్దరు చప్పట్ల బొమ్మలు పెట్టేశారు.

పాత స్పీకర్ సంగతి మీకు తెలియదు కాబట్టి ఈ వార్త తీవ్రత మీకు అర్థం కాదు. చెప్తాను.

పోయిన ఏడాది సంక్రాంతి అయిన తర్వాతి వారం నలుగురం కలిసి హైదరాబాద్ నుంచి కారులో బయల్దేరాం. ప్లాన్ ఏమిటంటే విజయవాడ, రాజమండ్రి మీదుగా కాకినాడ, అక్కడ ఉప్పాడ బీచ్ రోడ్డు, కోరంగి మడ అడవులు, ఆ తర్వాత వెనక్కి తిరిగి మారేడుమిల్లి అడవిలో చెక్క క్యాబిన్లలో రెండు రాత్రులు. ఉద్దేశం ఏమిటయ్యా అంటే ప్రశాంతత. ఈ మాట నాది కాదు, స్పీకర్ ఓనర్‌దే. "సిటీ సౌండ్‌కి బుర్ర పాడైపోతోందిరా, ఎక్కడికైనా సైలెంట్ ప్లేస్‌కి పోదాం" అని గ్రూపులో మొదట రాసింది అతనే. ఆ సైలెన్స్‌ని ఎదుర్కోవడానికి ఆయుధంతో వచ్చాడు.

కారులో ఐదు సీట్లు, మేం నలుగురం. లెక్క ప్రకారం హాయిగా వెళ్లాలి. కానీ ముందు సీటులో స్పీకర్ కూర్చుంది. డిక్కీలో పెడితే కుదుపులకి దెబ్బ తగులుతుందట. దాన్ని పెట్టగానే కారు టింగు టింగుమని మొత్తుకోవడం మొదలుపెట్టింది, సీటు బెల్టు పెట్టుకోలేదని. ఆ బరువుకి మనిషే కూర్చున్నాడనుకుంది పాపం. మావాడు ఎంతో ప్రేమగా దానికి బెల్టు పెట్టాడు. మేం ముగ్గురం వెనక ఇరుక్కున్నాం, మధ్యలో నేను, ఒళ్లో అందరి చలికోట్లూ. సూర్యాపేట దాటేసరికి నా కాళ్లు నావి కాకుండా పోయాయి. స్పీకర్ మాత్రం కాళ్లు లేకపోయినా కాళ్లు చాపుకున్నట్టే ఉంది. టీ కోసం ఆగినచోట మాకంటే ముందు దాన్నే దింపారు, ఎండలో కారులో వేడెక్కిపోతుందని.

ఉప్పాడ రోడ్డు మీకు తెలిసే ఉంటుంది. సముద్రం ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా కొరుక్కు తింటున్న తీరం అది. ఒడ్డున ఇళ్లు పోయాయి, తుఫాను వచ్చినప్పుడల్లా రోడ్డు కోసుకుపోతుంది, అడ్డంగా బండరాళ్లు పోశారు. పోటు వేళ అల ఆ రాళ్ల మీద బద్దలై కారు అద్దం దాకా వస్తుంది. మావాడు కారు ఆపాడు, స్పీకర్ని దింపాడు, రాళ్ల మీద నిలబెట్టాడు, పాట పెట్టాడు, రెండడుగులు వెనక్కి వేసి చెవి అటు పెట్టి విన్నాడు, మొహం చిట్లించాడు.

"ఛ, సముద్రం సౌండ్ ఎక్కువగా ఉందిరా. బాస్ వినబడట్లేదు."

బంగాళాఖాతాన్ని తగ్గించే బటన్ ఎక్కడుందో మాకెవరికీ తెలియదు కాబట్టి క్షమాపణ చెప్పుకుని బయల్దేరాం.

కోరంగిలో మడచెట్ల మధ్య చెక్కదారి ఉంది. బురదలోంచి ఊపిరివేళ్లు మేకుల్లా పైకి లేచి ఉంటాయి, ఎండ్రకాయలు వాటి మధ్య పరిగెడుతుంటాయి. 1839లో వచ్చిన తుఫాను ఓడల్నీ ఊరినీ కలిపి ఊడ్చేసిన చోటు. అక్కడి సిబ్బంది గేటు దగ్గరే "పాటలు పెట్టకూడదండీ" అన్నారు. ఆ గంటసేపు మావాడు వర్జ్యంలో ఊరి ప్రయాణం ఆగిపోయినవాడిలా ఉన్నాడు. ఈ యాత్ర మొత్తంలో నాకు గుర్తున్న మంచి గంట అదొక్కటే, దాని గురించి ఇంతకంటే చెప్పడానికి ఏమీ లేదు, అదే దాని గొప్పతనం. తర్వాత కాకినాడలో గొట్టం కాజాలు కొన్నాం, ఆ పెట్టె కూడా నా ఒళ్లోకే వచ్చింది.

ఇక మారేడుమిల్లి. రాజమండ్రి నుంచి సుమారు 85 కిలోమీటర్లు, రంపచోడవరం దాటాక చెట్లు రోడ్డు మీదికి వంగుతాయి, ఫోన్‌లో గీతలు ఒక్కొక్కటే రాలిపోతాయి. మా క్యాబిన్ పేరెందుకు లెండి, బాగుంది. పక్కనే వాగు. లోపల ఒకే ఒక్క ప్లగ్గు. నాలుగు ఫోన్లు, ఒక స్పీకర్. ఎవరికి ఛార్జింగ్ దక్కిందో వేరే చెప్పాలా? రాత్రి ఎనిమిదికి మా ఫోన్లన్నీ చచ్చిపోయాయి, మావాడిదీ స్పీకర్‌దీ తప్ప.

మొదట ఒక్క ఐదు నిమిషాలు కీచురాళ్లు వినబడ్డాయి. ఎక్కడో ఏదో పిట్ట రెండుసార్లు కూసింది. "అబ్బ, ఏం సైలెన్స్ రా" అన్నాడు మావాడు, తన్మయత్వంతో కళ్లు మూసుకుని. కళ్లు మూసుకునే చేత్తో తడిమి బటన్ నొక్కాడు. "కనెక్టెడ్" అని ఒక అమ్మాయి గొంతు అడవికి ఇంగ్లీషులో ప్రకటించింది.

ఊర మాస్ పాట. డప్పు ఛాతీ లోపల కొడుతోంది. సరిగ్గా రెండో చరణంలో పక్క క్యాబిన్ నుంచి ఇంకో స్పీకర్ లేచింది. వాళ్లదీ మాస్ పాటే, కానీ వాళ్ల హీరో వేరు. ఆ తర్వాత జరిగింది సంగీతం కాదు, ఫ్యాన్స్ గొడవ. మేం పెంచితే వాళ్లు పెంచారు, వాళ్లు పెంచితే మేం పెంచాం, మావాడు స్పీకర్ని వరండా రెయిలింగ్ మీదికెక్కించి వాళ్ల వైపు తిప్పాడు, ఫిరంగిని తిప్పినట్టు. ఉన్నట్టుండి మా స్పీకర్లోంచి వాళ్ల పాట మొదలైంది. శత్రువు మన కోటలో దూరాడు! పక్క క్యాబిన్లో ఎవరి ఫోనో, మావాడు కోపంలో ఏ బటన్ నొక్కాడో ఏమో, పోయి మా స్పీకర్‌కి అతుక్కుంది. మావాడు దాని నెత్తిన కొడుతున్నాడు, పాట ఆగట్లేదు. పాపం ఆ పక్కాయన కూడా కంగారులో ఫోన్ అంతా పిసికేసినట్టున్నాడు. పాట ఆగింది. బదులుగా ఎప్పటిదో ఒక వాయిస్ మెసేజి మన్యం అంతా దద్దరిల్లేలా వినబడింది:

"ఏవండీ, ఆడిట్ ఎలా జరుగుతోంది? భోంచేశారా? రాత్రిళ్లు ఎక్కువసేపు పని పెట్టుకోకండి, బీపీ మాత్ర వేసుకోండి. వచ్చేటప్పుడు ఆత్రేయపురం పూతరేకులు మర్చిపోకండి, బెల్లంవే తీసుకోండి."

రెండు క్యాబిన్లూ గప్‌చుప్. ఒక నిమిషం పాటు నిజంగా ఏ చప్పుడూ లేదు. వాగు వినబడింది. మేం డబ్బు కట్టింది ఆ నిమిషానికే. ఆడిట్ గారు లైటు ఆర్పేసుకున్నారు. ఆ తల్లికి పూతరేకులు చేరాయో లేదో నాకిప్పటికీ బెంగే.

నిమిషం అయ్యాక మావాడు విజయగర్వంతో వాల్యూమ్ ఇంకా పెంచాడు.

పదకొండున్నరకి టార్చిలైటు పట్టుకుని కాపలా పెద్దాయన వచ్చాడు. అరవై దాటిన మనిషి, పక్క ఊరే. మెట్ల కిందే నిలబడ్డాడు. "బాబూ, కొంచెం తగ్గించండి. ఊరు పక్కనే ఉంది. పొద్దున్నే పిల్లలకి బడి."

"పెద్దాయనా, డబ్బులు కట్టే వచ్చాం కదా. ఇదుగో, ఇది ఉంచు, హ్యాపీగా పడుకో" అని మావాడు 200 నోటు తీసి ఆయన చొక్కా జేబులో కుక్కాడు. ఆయన ఏమీ అనలేదు. వెళ్లిపోయాడు. నేనేం చేశానంటారా? కాజా తింటున్నాను.

రాత్రి ఒంటిగంటకి మావాడికి నిద్ర పట్టలేదు. బుర్ర వేడెక్కిందట. "రిలాక్సింగ్‌గా ఉంటుంది" అని ఒక ఫైలు పెట్టాడు. అడవిలో వాన పడుతున్న చప్పుడు, మధ్యమధ్య పక్షులు, సెలయేరు. ఎనిమిది గంటల ఫైలు. అడవిలో సిగ్నల్ ఉండదు కదా అని ముందే హైదరాబాద్‌లో డౌన్‌లోడ్ చేసుకున్నాడు, అంత ముందుచూపు. చెక్క గోడకి అవతల అసలు వాగు పారుతోంది. ఇవతల స్పీకర్లో ఏ దేశపు వాగో పారుతోంది. దానికి బాస్ బాగా వచ్చింది.

ఇక్కడితో ఆపితే ఇది నవ్వుకునే కథే. కానీ పొద్దున ఆరింటికి నేను వాగు దగ్గరికి వెళ్లాను. పెద్దాయన నీళ్లలో వంగి ఉన్నాడు, కాళ్లకి చెప్పుల్లేవు. చేతిలో సిమెంటు సంచి. రాళ్ల మధ్య నుంచి బీరుసీసా పెంకులు ఏరుతున్నాడు, ఒక్కొక్కటీ, గోధుమరంగు రాళ్లకీ గోధుమరంగు గాజుకీ తేడా తెలియక వేళ్లతో తడిమి. "ఇక్కడికే బాబూ, మా ఆడవాళ్లు నీళ్లకొచ్చేది" అన్నాడు. అంతే. తిట్టలేదు. రాత్రి సీసా ఎవరు పగలగొట్టారని అడిగితే మావాడు నేను కాదన్నాడు, పక్క క్యాబిన్ వాళ్లు మేం కాదన్నారు. సీసాకే జీవితం మీద విరక్తి పుట్టి దూకిందేమో.

నాకు సిగ్గేసింది, తర్వాత ఒళ్లు మండింది, ఇది రాస్తున్నప్పుడూ మండుతోంది. 1882లో మద్రాసు అటవీ చట్టం తెచ్చి, వీళ్ల ముత్తాతల్ని పోడు కొట్టొద్దన్నారు, కట్టె ఏరొద్దన్నారు, సొంత అడవిలో అడుగు తీసి అడుగేస్తే తప్పన్నారు. ఆ కడుపుమంటే 1922లో సీతారామరాజు వెంట నడిచింది, తుపాకులకి ఎదురు నిలబడింది. ఆ మన్యంలోకి మనం రెండు రోజుల అద్దె కట్టి దిగుతాం, ఏ అడ్డూ ఉండదు. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్ మోగించకూడదని 2000లో దేశమంతటికీ నిబంధన పెట్టారు, అది మన కాలనీలో గణపతి మండపం పక్కింటివాడికి గుర్తొస్తుంది, పోలీసులకి ఫోన్ చేస్తాడు. ఈ ఊరి పిల్లాడు ఎవడికి ఫోన్ చెయ్యాలి? మన పిల్లలకి పరీక్షలుంటే టీవీ మీద దుప్పటి కప్పుతాం కదరా! వాళ్ల నిద్ర ఖరీదు 200 అని ఎవడు రేటు కట్టాడు? మందు మనది, మత్తు మనది, పెంకులు మాత్రం ఆ ఆడవాళ్ల కాళ్లకా?

ఇదంతా అప్పుడు అనలేదు. ఆ పెద్దాయనతో కలిసి నాలుగు పెంకులు ఏరి, వేలు తెగితే చప్పరించుకుంటూ వచ్చేశాను. నా వీరత్వం అంతవరకే.

ఎనిమిదింటికి ఆయనే టీ తెచ్చి రెయిలింగ్ మీద పెట్టాడు. నాలుగు గ్లాసులు. ఒక గ్లాసు కింద ఆ 200 నోటు, నాలుగు మడతలు పెట్టి ఉంది. మావాడు గ్లాసెత్తి చూసి, "ఇస్తే తీసుకోడు, ఏం పొగరో చూడు" అని నోటు మళ్లీ పర్సులో పెట్టుకున్నాడు. తిరుగు ప్రయాణంలో దాంతో స్పీకర్‌కి కొత్త కేబుల్ కొన్నాడు.

ఇంటికొచ్చాక క్యాబిన్ మీద రివ్యూ కూడా రాశాడు. "లొకేషన్ సూపర్. కానీ పక్క క్యాబిన్ వాళ్లు రాత్రంతా పెద్ద సౌండ్‌తో పాటలు పెట్టారు, మేనేజ్‌మెంట్ పట్టించుకోలేదు. మూడు స్టార్లు." ఇరవై ఒక్క మందికి ఈ రివ్యూ ఉపయోగపడిందట.

ఇప్పుడు లంబసింగి. గ్రూపులో "ఎవరెవరు వస్తున్నారు" అని అడిగాడు. ఒకడు బొటనవేలు పెట్టాడు, ఇంకొకడు పెట్టాడు. నేను పావుగంట ఫోన్ చేతిలో పట్టుకుని, పైన ఒళ్లు మండి రాసినవన్నీ టైప్ చేసి, చెరిపేసి, "ఈసారి ముందు సీటు నాకివ్వండ్రా, నడుం నొప్పి" అని పెట్టాను.

దానికి చక్రాలుంటే ఉన్నాయి గానీ, వెనక సీటులో పట్టదట.