సవరణ: లేపాక్షి బొమ్మల గురించి నేను రాసిన పోస్టులో తప్పులు

పోయిన ఆదివారం అనంతపురం నుంచి లేపాక్షి వెళ్లొచ్చి రాసిన పోస్టులో, వీరభద్రాలయం శ్రీకృష్ణదేవరాయల కాలంలో కట్టారని రాశాను. అది తప్పు. ఈ కట్టడం, లోపల పైకప్పుకు వేసిన ఈ రంగుల బొమ్మలు ఆయన తమ్ముడు అచ్యుతదేవరాయల కాలం నాటివి. ఆయన 1529లో గద్దెనెక్కారు. పని చేయించింది విరూపణ్ణ, వీరణ్ణ అనే అన్నదమ్ములు.

ఇంకో తప్పు నన్ను ఎక్కువ బాధపెట్టింది. పైకప్పు మీద అడవిపంది ఉన్న బొమ్మను 'రాజుల వేట' అన్నాను. అది కిరాతార్జునీయం. పందిని కొట్టింది నేనంటే నేనని శివుడూ అర్జునుడూ పోట్లాడుకున్న కథ అది. మా అవ్వ చిన్నప్పుడు ఎన్నిసార్లు చెప్పిందో! అయినా మెడ పైకెత్తి చూస్తున్నప్పుడు తట్టలేదు. కథ తెలిసి చూస్తే ఆ పంది బొమ్మే వేరుగా కనిపిస్తుంది. ఎర్రమన్ను రంగు, నల్లటి గీత, నాలుగైదు రంగులతోనే అంత ఊపు తెచ్చారు. ఆడవాళ్ల చీరల అంచులైతే ఒకదానిలా ఇంకొకటి లేదు. ఈసారి వెళ్లేవాళ్లు అక్కడ కాసేపు ఆగండి.

విరూపణ్ణ తన కళ్లు తానే పీకి గోడకేసి కొట్టాడన్నది జనం చెప్పుకునే కథ. దాన్ని చరిత్రలా రాసి ఉండకూడదు. లేపాక్షి 2022 నుంచి శ్రీ సత్యసాయి జిల్లాలో ఉంది, అదీ సరిచేశాను. తప్పులు చూపించిన హిందూపురం అన్నకు చాలా థాంక్స్.