మెట్లదారి మూసేసి నిద్రపోతున్నాం

చార్మినార్‌కు కూతవేటు దూరంలోని గుల్జార్‌హౌజ్‌లో 2025 మే 18 ఉదయం 17 మంది చనిపోయారు. వారిలో 8 మంది పిల్లలు. కింద దుకాణాలు, పైన కాపురం. పై అంతస్తుల నుంచి వీధిలోకి రావడానికి ఉన్నది ఒకటే ఇరుకు దారి. మంట ఆ దారి దగ్గరే పుట్టింది. ఎక్కువమంది ప్రాణాలు తీసింది పొగే.

జంటనగరాలకు ఇది కొత్త కాదు. 2022 మార్చి 23న బోయిగూడ తుక్కు గోదాముపైన నిద్రిస్తున్న 11 మంది బిహార్ కూలీలు పోయారు. అదే ఏడాది సెప్టెంబర్ 12న సికింద్రాబాద్‌లో విద్యుత్ స్కూటర్ల షోరూంలో రేగిన మంటల పొగ పైనున్న లాడ్జిని కమ్మి 8 మందిని బలిగొంది. 2023 మార్చి 16న స్వప్నలోక్ కాంప్లెక్సులో ఆరుగురు యువతీ యువకులు ఊపిరాడక చనిపోయారు. ఆ నవంబర్ 13న బజార్‌ఘాట్‌లో అపార్టుమెంటు కింద నిల్వ చేసిన రసాయనాల డ్రమ్ములు అంటుకుని కనీసం 9 మంది మరణించారు. ఈ ఘటనలన్నింటిలో కింద సరుకో వ్యాపారమో ఉంది, పైన మనుషులున్నారు. స్వప్నలోక్ ఒక్కటే కొంత వేరు.

కింద మంట లేస్తే మెట్లదారి పొగగొట్టంలా మారుతుంది. వేడి పొగ పైకే పోతుంది, పైవాళ్లు కిందికి రావాల్సిందీ ఆ దారినే. తలుపు తీసిన మనిషికి ముందు చీకటి ఎదురవుతుంది, ఆ తర్వాత విషవాయువు. నాలుగైదు సార్లు గట్టిగా పీలిస్తే స్పృహ తప్పవచ్చు. ఫైరింజన్ ఎంత త్వరగా వచ్చినా ఆ నిమిషాలను వెనక్కి తేలేదు. అందుకే అగ్ని ప్రమాదానికి ప్రణాళిక అంటే గోడకు తగిలించిన ఎర్ర సిలిండరొక్కటే కాదు. మొదట చూడాల్సింది మెట్లు: ఎన్ని ఉన్నాయి, ఎంత వెడల్పు, ఎక్కడికి తెరుచుకుంటాయి.

మన అపార్టుమెంట్లలో కరెంటు మీటర్ల ప్యానెల్ ఎక్కడుంటుందో గుర్తు చేసుకోండి. చాలాచోట్ల సెల్లార్‌లో, మెట్ల మొదట్లోనే. దాన్ని ఆనించి బైకులు, పక్కన పాత పరుపులు, అట్టపెట్టెలు. డాబా తలుపుకు తాళం, తాళంచెవి వాచ్‌మన్ దగ్గర. దొంగల భయంతో కిటికీలకు బిగించిన ఇనుప చట్రాలు లోపలివాళ్లనే బంధిస్తాయి. ఈ తాళం తీయించడానికి, ఈ పరుపులు తొలగించడానికి ఏ జీవో అక్కర్లేదు. నివాసుల సంఘం ఒక్క ఆదివారం పూనుకుంటే చాలు.

మిగిలిన పని మాత్రం ప్రభుత్వానిదే. 1999 నాటి అగ్నిమాపక చట్టం కింద, ప్రధానంగా 15 మీటర్లు దాటిన వాణిజ్య భవనాలకు, 18 మీటర్లు దాటిన నివాస భవనాలకు అగ్నిమాపక శాఖ నిరభ్యంతర పత్రం కావాలి. మూడంతస్తుల పాత ఇల్లు ఆ కొలతకు చిక్కదు. ఎత్తును కొలిచే చట్టం, కింద ఏం నిల్వ ఉంది, పైన ఎంతమంది నిద్రపోతున్నారన్నది కూడా కొలవాలన్నది మా అభిప్రాయం. గోదాముపై కాపురం, షోరూంపై లాడ్జి, ఒకే మెట్లదారితో నడిచే హాస్టల్: ఎత్తు ఎంతైనా సరే, ఇవన్నీ తనిఖీ పరిధిలోకి రావాలి. పత్రం పొందిన రోజున పార్కింగ్‌గా చూపిన సెల్లార్ ఆ తర్వాత గోదాముగా మారితే, ఆ పత్రం చెల్లకూడదు.

కట్టుబడిలో ఉన్న భవనాల సంగతి ఇంకా అన్యాయం. పైపులు, పంపులు చివర్లో బిగిస్తారు. వెల్డింగు రవ్వలు, థర్మాకోల్, కూలీల వంట సిలిండర్లు మొదటి రోజు నుంచే ఉంటాయి. పని సాగుతున్నప్పుడే కనీసం 20,000 లీటర్ల నీటి ట్యాంకు, అంతస్తులకు నీరందించే గొట్టం ఉండాలని జాతీయ భవన నియమావళి చెబుతోంది. ఎన్ని సైట్లలో ఉన్నాయో వెళ్లి చూసినవారు చెప్పాలి.

పందిళ్ల విషయంలో హరియాణాలోని డబ్వాలీని మరువలేం. 1995 డిసెంబర్ 23న పాఠశాల వేడుకకు వేసిన సింథటిక్ గుడ్డ షామియానా తగలబడి 400 మందికి పైగా, ఎక్కువగా పిల్లలు, చనిపోయారు. 2019 జనవరి 30 రాత్రి నాంపల్లి నుమాయిష్‌లో వందల దుకాణాలు బూడిదైనా ప్రాణనష్టం జరగలేదు. ఆ అదృష్టాన్ని ఏర్పాటుగా లెక్కేసుకోకూడదు. గణేశ్ మండపానికైనా ఫంక్షన్ హాలుకైనా అనుమతి ఇచ్చే అధికారి బయటికి దారులను తానే నడిచి చూసి సంతకం పెట్టాలి.

ఏటా ఏప్రిల్ 14 నుంచి 20 వరకు అగ్నిమాపక వారోత్సవాలు జరుగుతాయి. ఆ వారంలో నగరపాలక, అగ్నిమాపక, విద్యుత్ సిబ్బంది కలిసి పాతబస్తీ, సికింద్రాబాద్, విజయవాడ వన్‌టౌన్ గల్లీల్లో ఇల్లిల్లూ తిరగాలి. ఒకే మెట్లదారి ఉన్న లాడ్జీలు, హాస్టళ్లు, దుకాణాలపై ఇళ్ల జాబితాను వార్డు కార్యాలయం గోడపై అంటించాలి. అద్దెకు దిగేవాడు అడ్వాన్స్ ఇచ్చేముందు దాన్ని చదువుకోగలగాలి.