తగ్గింపే అసలు ప్రకటన

2018 ఆగస్టులో కర్ణాటక హైకోర్టు కన్నెర్ర చేయడంతో బెంగళూరు నగరపాలిక సిబ్బంది ఊరంతా ఫ్లెక్సీలు, హోర్డింగులు ఊడదీశారు. యాడ్లు చూసే కుర్రకారు బట్టల మీద డబ్బు తగలేస్తున్నారన్న మాట పూర్తిగా నిజమైతే, ఆ తర్వాత కమర్షియల్ స్ట్రీట్, బ్రిగేడ్ రోడ్డు బోసిపోవాలి. అలాంటిదేమీ జరగలేదు. ప్రకటన అప్పటికే గోడ దిగి ఫోన్లో చేరింది. హీరో ముఖం చేసే పనిలో సగం ధర చీటీకి అప్పగించేసింది కూడా. అనంతపురం నుంచో కర్నూలు నుంచో వచ్చి మారతహళ్లి పీజీలో ఉంటున్న పాతికేళ్ల కుర్రాడి చేత ఈరోజు చొక్కా కొనిపిస్తున్నది, అడ్డంగా కొట్టేసిన 2,499 పక్కన మెరిసే 750 అనే అంకె.

అలాగని తారల పని అయిపోలేదు. వాళ్లు ప్రచారకర్తల స్థాయి దాటి బ్రాండ్‌లోనే భాగమయ్యారు. హృతిక్ రోషన్ పేరుతో హెచ్‌ఆర్‌ఎక్స్ 2013లో, విరాట్ కోహ్లీతో రాంగ్ 2014లో వచ్చాయి. విజయ్ దేవరకొండ 2018లో రౌడీ మొదలుపెట్టాడు. అభిమాని అక్కడ కొనేది టీషర్టుతోపాటు కాస్త చనువు కూడా. అయితే ఆ చనువు గుమ్మం దాకా తీసుకొస్తుంది, అంతే. లోపలికొచ్చాక డబ్బు తీయించేది వేరే యంత్రాంగం.

పేర్ల సంగతి కూడా చూడాలి. లూయీ ఫిలిప్, వాన్ హ్యూసెన్, అలెన్ సోలీ, పీటర్ ఇంగ్లండ్ అనగానే లండన్ వీధి గుర్తొస్తుంది. వీటిలో కొన్నిటి పుట్టుక విదేశాల్లోనే అయినా, ఇక్కడ వాటి వ్యాపారం ఆదిత్య బిర్లా గ్రూపుది, దాన్ని నడిపే ప్రధాన కార్యాలయం బెంగళూరులో ఉంది. ఫ్లయింగ్ మెషీన్ అహ్మదాబాద్ అరవింద్ వారి జీన్స్, మాంటే కార్లో లుధియానా స్వెట్టర్. ఇందులో మోసమేమీ లేదు, వస్తువు నాసిరకమనీ కాదు. కాకపోతే పేరుకి ఎంత, గుడ్డకి ఎంత ఇస్తున్నామో తెలిసి ఇవ్వడం మంచిది.

ఇక ఆ యంత్రాంగం. దాని ఇరుసు ఎమ్మార్పీ. ఇంతకు మించి అమ్మకూడదని చెప్పే ధర అది, సరే. ఆ ధరను వేసేది ఎవరు? తయారీదారు లేదా బ్రాండ్ యజమాని. బట్టల మీద ఎంత వేయాలన్న పరిమితి చట్టంలో లేదు. 750కి అమ్మాలనుకున్న చొక్కా మీద మొదటి రోజే 2,499 అచ్చువేసి, ఏడాది పొడుగునా 70 శాతం తగ్గింపు పెట్టొచ్చు. ఆ చొక్కా 2,499కి ఒక్కసారైనా అమ్ముడుపోయి ఉండాలన్న నియమం లేదు. మొదట కంటపడిన అంకె చుట్టూనే మన అంచనాలు తిరుగుతాయని మనస్తత్వ శాస్త్రవేత్తలు ట్వెర్‌స్కీ, కానమన్ 1974లోనే ప్రయోగాలతో చూపించారు. కొట్టేసిన అంకె చేసే పని అదే. 750 ఎక్కువా తక్కువా అని తేల్చుకోవాల్సిన మెదడు, 1,749 మిగిలిందన్న సంబరంలో పడిపోతుంది.

దీని మీద కూపన్ల అంతస్తు ఒకటి లేస్తుంది. 70 శాతం తగ్గింపు, ఆపైన మరో 10 శాతం కూపన్ అంటే చాలామంది 80 శాతం అనుకుంటారు. రెండో తగ్గింపు మిగిలిన 750 మీదే పడుతుంది కాబట్టి పోయేది 75 రూపాయలు, కట్టేది 675, మొత్తం తగ్గింపు 73 శాతం. 50కి 20 కలిపితే 70 కాదు, 60. రెండు కొంటే రెండు ఉచితం అన్నచోట ఒక్కొక్కటి 999 అయితే నాలుగింటికి 1,998 కట్టాలి, అంటే ఒక్కోటి ఐదొందలు. చవకే. కానీ ఒక్క టీషర్టు కోసం ఆరొందలతో వెళ్లినవాడు రెండువేలు వదిలించుకుని వస్తాడు. అరవై రూపాయల డెలివరీ చార్జీ తప్పించుకోవడానికి రెండువందల యాభై రూపాయల సాక్సులు కార్ట్‌లో వేసుకోవడమూ ఇదే బాపతు.

పన్ను కూడా ధరల మీద చేయి పెడుతుంది. 2025 సెప్టెంబర్ 22 నుంచి ఒక్కో దుస్తు అమ్మకపు విలువ 2,500 దాకా జీఎస్టీ 5 శాతం, దాటితే 18. పన్ను కలిపితే 2,500ది 2,625 దగ్గర ఆగుతుంది. ఒక్క రూపాయి దాటి 2,501 అయితే 2,951కి ఎగురుతుంది. పన్ను పడేది తగ్గింపు పోను మిగిలిన విలువ మీద కాబట్టి, 4,999 చీటీ ఉన్న జాకెట్‌ను పన్నుతో కలిపి 2,600 లోపు అమ్మడంలో అమ్మేవాడికీ గిట్టుబాటు ఉంది. సగం ధరకి ఇచ్చేస్తున్నారంటే అందులో వాడి ఔదార్యం ఎంతో, పన్ను మెట్టు ఎంతో చూడాలి.

దసరా ముందు పెద్ద సేల్, జూన్‌లో ఒకటి, డిసెంబర్‌లో ఒకటి, మధ్యలో జీతాలు పడే ఒకటో తారీఖు ఆఫర్లు. క్యాలెండర్ పాతదే. కొత్తగా వచ్చిన మార్పు ఆలోచించే వ్యవధి మాయమవడం. బట్టలమ్మే యాప్ మింత్రా 2024 డిసెంబర్‌లో ఎం-నౌ పేరుతో అరగంట డెలివరీ మొదలుపెట్టింది బెంగళూరులోనే. సిల్క్‌బోర్డ్ కూడలి దాటి, బస్సు మారి, కొట్టుకి వెళ్లి, వేసుకుని చూసే ఆ రెండు గంటల శ్రమే ఒకప్పుడు అనవసర కొనుగోళ్లకు అడ్డుకట్ట. ఆ కట్ట తెగింది. ఫలానా సాయంత్రం పార్టీ అనుకుంటే ఆరింటికి ఆర్డర్, ఆరున్నరకి చొక్కా.

యాప్‌లో ‘మూడే మిగిలాయి’ అని కనిపిస్తే అది పచ్చి అబద్ధం కాకపోవచ్చు. ఆ రంగులో, ఆ సైజులో, దగ్గర్లోని ఆ గోడౌన్‌లో మూడే ఉండొచ్చు, వేరేచోట వేలు ఉండొచ్చు. నిజంగానే తప్పుడు తొందర పెడితే మాత్రం అది నేరుగా నిబంధనల ఉల్లంఘన. 2023 నవంబర్ 30న కేంద్రం నోటిఫై చేసిన డార్క్ ప్యాటర్న్ల మార్గదర్శకాలు 13 రకాల మాయలను పేరు పెట్టి నిషేధించాయి. తప్పుడు తొందర, అడగకుండా బుట్టలో వేయడం, వద్దంటే సిగ్గుపడేలా మాట్లాడటం, చివరి తెరపై కొత్త చార్జీలు బయటపెట్టడం అందులో ఉన్నాయి. చెల్లింపు దగ్గర తెలియకుండా టిక్ పెట్టి ఉన్న పది రూపాయల విరాళం కూడా ఆ బాపతే. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు, స్క్రీన్‌షాట్ ఉంటే పని తేలిక.

బ్రాండ్ల సరుకును తగ్గింపు ధరకి అమ్మే మారతహళ్లి ఔట్‌లెట్ల రీల్ ఒకటి తీసుకుని నిదానంగా చూడండి. తెలుగులోనే మొదలవుతుంది: ‘బెంగళూరులో ఉన్న మనోళ్లందరికీ...’ మొదటి మూడు సెకన్లలో 199 అన్న బోర్డు. తర్వాత గుట్టగా పోసిన చొక్కాలు, రెండు మూడు పెద్ద బ్రాండ్ల లోగోల మీద కెమెరా ఒక్క క్షణం ఆగుతుంది. 199 ఏ గుట్టదో, లోగో ఏ గుట్టదో రెండూ ఒకే ఫ్రేములో ఉండవు. చివర్లో ‘మా పేజీ పేరు చెప్తే ఇంకో పది శాతం తగ్గిస్తారు’. ఈ చివరి ముక్కే రీల్‌కి ప్రాణం. ఎంతమంది ఆ పేరు చెప్పారో కౌంటర్లో లెక్క రాసుకుంటారు. తర్వాతి రీల్‌కి డబ్బు ఇవ్వాలా, రెండు జతల బట్టలతో సరిపెట్టాలా అన్నది ఆ లెక్కే తేలుస్తుంది.

డబ్బు తీసుకున్నా, బట్టలు ఉచితంగా తీసుకున్నా అది ప్రకటనే. ఆ సంగతి రీల్‌లోనే, అందరికీ కనిపించేలా చెప్పాలని ప్రకటనల ప్రమాణాల సంస్థ ఆస్కీ 2021లో, కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో నియమాలు పెట్టాయి. కింద ఇరవై హ్యాష్‌ట్యాగుల మధ్య దాచిపెడితే చెల్లదు. తప్పుదోవ పట్టించే ప్రకటనకి 10 లక్షల దాకా, మళ్లీ చేస్తే 50 లక్షల దాకా జరిమానా, ప్రచారం చేసినవారికి ఏడాది నిషేధం చట్టంలో ఉన్నాయి. పదివేల ఫాలోవర్లున్న పేజీ దాకా ఆ చేయి రావడం అరుదు. చూసేవాడికి మనవాడు చెబుతున్నాడన్న నమ్మకం, పైగా సొంత యాస. హోర్డింగ్‌కి లేని బలం అది.

ఆ ఔట్‌లెట్లలో సరుకు మూడు రకాలు. మిగిలిపోయిన పాత సీజన్ సరుకు, ఎగుమతికి పోకుండా చిన్న లోపంతో ఆగినది, ఔట్‌లెట్ కోసమే తక్కువ ఖర్చుతో కుట్టించినది. మూడోది ఎలా పట్టుకోవాలి? చాలా ట్యాగుల మీద తయారీ నెల, సంవత్సరం ఉంటుంది. ఏడాది కిందటి తేదీ అయితే పాత సీజన్‌ది కావచ్చు. రెండు నెలల కిందటి తేదీ వేసి 70 శాతం తగ్గింపు అంటే అనుమానించాల్సిందే. ఎగుమతి సరుకులో లేబుల్ కత్తిరించి ఉంటుంది, లోపం ఎక్కడుందో వెతకాలి: జిప్పు, చంక కుట్టు, రెండు చేతుల పొడవు.

ప్రకటన చెప్పనిది గుడ్డ చెబుతుంది. ఓవర్‌సైజ్ టీషర్టుకి 220 నుంచి 240 జీఎస్ఎం (చదరపు మీటరు గుడ్డ బరువు, గ్రాముల్లో) ఉంటే ఆకారం నిలుస్తుంది. 160 దగ్గర ఉంటే రెండు ఉతుకులకే వేలాడుతుంది. ‘కాటన్ రిచ్’ అంటే వేరే పోగు, చాలాసార్లు పాలియెస్టర్, కలిసిందని అర్థం, ‘కాటన్ ఫీల్’ అంటే అసలు కాటన్ లేకపోవచ్చు. కలిపిన గుడ్డ మీద ఉండలు లేవడానికి కారణం ఉంది. పొట్టి నూలు పోగులు బయటికొచ్చి చుట్టుకుంటాయి, బలమైన పాలియెస్టర్ వాటిని రాలనివ్వదు. మెడ పట్టీని సాగదీసి వదిలితే వెంటనే వెనక్కి రావాలి. టీషర్టుని భుజాల దగ్గర పట్టుకుని వేలాడదీస్తే పక్క కుట్టు నిట్టనిలువుగా దిగాలి. కొత్తదే పక్కకి తిరిగి ఉంటే ఉతికాక కుట్టు పొట్ట మీదికి వస్తుంది. ఫిల్మ్‌లా అంటించిన ప్రింట్ మీద నేరుగా ఇస్త్రీ పడితే లేచిపోతుంది, లోపలి వైపు తిప్పి చేయాలి.

బెంగళూరు పీజీల్లో ఇంకో చిక్కు ఉంది. బోరు నీళ్లో, ట్యాంకర్ నీళ్లో వస్తాయి, ఉప్పు ఎక్కువ. సబ్బు నురగ రాక తెల్లటి పొరలా గుడ్డలో ఉండిపోతుంది. డాబా మీది ఉమ్మడి వాషింగ్ మెషీన్‌లో అన్నీ కలిపి తిప్పితే నల్ల టీషర్టు నాలుగు వారాల్లో బూడిదరంగుకి దిగుతుంది. దాంతో మళ్లీ కొనాల్సి వస్తుంది, మళ్లీ ఆఫర్ సిద్ధంగా ఉంటుంది. 400 పెట్టిన టీషర్టు పన్నెండు ఉతుకులకే పోతే వేసుకున్న ప్రతిసారికీ 33 రూపాయలు. 900ది అరవై ఉతుకులు ఆగితే 15. ఈ లెక్క ఏ ప్రకటనలోనూ రాదు.

ప్రకటన ఖర్చే పెట్టకుండా కుర్రకారును లాగే దుకాణాలూ ఉన్నాయి. టాటా గ్రూపు వారి జూడియో హోర్డింగుల జోలికి పెద్దగా పోదు. కొట్టేసిన ధర ఉండదు, చాలావరకు వెయ్యి లోపే. ఈ పద్ధతి కొంత నయమే, అంకెలో అబద్ధం లేదు. ఒత్తిడి మాత్రం అక్కడా ఉంది. ఈ వారం చూసిన డిజైన్ వచ్చే వారం ఉండకపోవచ్చు, 299యే కదా అని చేతికందినవన్నీ బుట్టలో పడతాయి, బిల్లు మూడువేలు దాటుతుంది. ఆపైన కొన్నవాళ్లే బట్టలు పరిచి వీడియోలు పెడతారు, కంపెనీ పైసా ఇవ్వకుండానే.

అప్పు సంగతి. స్నీకర్లు 12,000, నెలకి 2,000 చొప్పున ఆరు నెలలు, ‘నో కాస్ట్’ ఈఎంఐ. లోపల జరిగేది ఇది: బ్యాంకు వడ్డీ ఏడాదికి 15 శాతం అనుకుంటే, అమ్మేవాడు 508 తగ్గించి ధరను 11,492గా చూపిస్తాడు, బ్యాంకు ఆ 508ని వడ్డీగా వసూలు చేస్తుంది. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 91 రూపాయలు మీదే. ప్రాసెసింగ్ ఫీజు 199 ఉంటే పన్నుతో 235. ‘ఖర్చు లేని’ వాయిదాకి 326 ఖర్చు. ఒకేసారి కడితే వచ్చే తగ్గింపు పోవడం అదనం. సున్నా వడ్డీ అనేదే ఉండదని రిజర్వ్ బ్యాంక్ 2013 సెప్టెంబర్‌లోనే బ్యాంకులకు చెప్పింది. ఇంటికి పంపాల్సిన డబ్బు, పీజీ అద్దె, రెండు వాయిదాలు ఒకే వారంలో పడితే మొదట తప్పేది వాయిదానే. ఆ మచ్చ సిబిల్ రిపోర్టులో ఏళ్ల తరబడి ఉండి, రేపు ఇంటి లోన్ దగ్గర ఎదురొస్తుంది.

ఫోన్ వెంటపడటాన్ని కొంత తగ్గించుకోవచ్చు. ఆండ్రాయిడ్‌లో సెట్టింగ్స్, ప్రైవసీ, యాడ్స్‌లోకి వెళ్లి అడ్వర్టైజింగ్ ఐడీ డిలీట్ చేయాలి. ఐఫోన్‌లో ట్రాకింగ్ అనుమతిని ఆపేయాలి. ఒకసారి చూసిన బూట్లు ప్రతి యాప్‌లో ఎదురుపడటం కొంతైనా తగ్గుతుంది. నచ్చినదాన్ని విష్‌లిస్ట్‌లో పెట్టే బదులు స్క్రీన్‌షాట్ తీసుకోవడం మేలు. విష్‌లిస్ట్ మీ బలహీనతని వాళ్ల చేతిలో పెడుతుంది, స్క్రీన్‌షాట్ ఈరోజు ధరను మీ చేతిలో పెడుతుంది. సేల్‌కి మూడు వారాల ముందు తీసినది సేల్ రోజున తెరిచి పక్కన పెట్టి చూస్తే 70 శాతం ఎంతో తేలిపోతుంది.

ఈ చాకిరీ అంతా కొనేవాడి మీదే ఎందుకు పడాలన్న ప్రశ్న న్యాయమైనదే. యూరోపియన్ యూనియన్‌లో 2022 మే 28 నుంచి తగ్గింపు ప్రకటించే దుకాణం, అంతకు ముందు 30 రోజుల్లో తాను అమ్మిన అతి తక్కువ ధరను చూపించాలి, తగ్గింపు శాతాన్ని దాని మీదే లెక్కకట్టాలి. మన 2019 వినియోగదారుల రక్షణ చట్టం కూడా వస్తువు మామూలుగా ఏ ధరకి అమ్ముడవుతోందన్న విషయంలో జనాన్ని తప్పుదోవ పట్టించడం అనుచిత వ్యాపార పద్ధతే అంటుంది. ఎన్నాళ్ల ధర, ఏ ధర అన్న కొలత మాత్రం అందులో లేదు, అందుకే ఎమ్మార్పీ కొట్టేసి రాసేవాడికి బెంగ లేదు. ముప్పై రోజుల నియమం ఇక్కడికి వస్తే ఏడాది పొడుగునా 750కే అమ్మే చొక్కా పక్కన 2,499 రాయడం కుదరదు, తగ్గింపు సున్నా అని రాయాల్సి వస్తుంది.