గోళీలు బంద్ చెయ్యమన్న పెద్దమనిషికి

పొద్దున లేవంగనే అదే మెసేజ్. ఈ నెలల నాలుగోసారి. ఇయ్యాల పంపింది మా హన్మకొండ వదిన. "రొమ్ము క్యాన్సర్ తగ్గినంక ఆడోళ్లు ఎందుకు లావైతరు? డాక్టర్లు దాచిన 5 నిజాలు. పది మందికి పంపి పుణ్యం కట్టుకోండి." 2019ల ఆరు కీమోలు ఎక్కించుకొని 58 కిలోల నుంచి 67కు పోయినదాన్ని. ఆ పుణ్యమేదో నేనే కట్టుకుంట.

మొదటిది: కీమో విషం ఏండ్లకేండ్లు కొవ్వుల దాక్కుంటదట. దాక్కోనికి అదేమన్న మా ఇంట్ల కిరాయికున్నదా? మందు రోజులల్లనే పోతది. పోంగ చాలామందికి ముట్టు ఆపి పోతది. ఏండ్ల మీద రావాల్సిన మార్పు నెలలల్ల వచ్చి పడుతది, కండ కరుగుతది, నడుము చుట్టు కొవ్వు చేరుతది. దానికి తోడు వాంతులు కాకుండ ఇచ్చే డెక్సామెథాసోన్ అనే స్టెరాయిడ్ మందు, అది ఆకలి లేపుతది. రాత్రి రెండింటికి పప్పుచారు వేడి చేసుకొని, గిన్నెలనే అన్నం కలుపుకొని, పొయ్యి దగ్గర నిలబడే తిన్న రోజులున్నయి.

నాలుగోది నిమ్మరసం, జీలకర్ర నీళ్లు. తాగుండ్రి, దాహం తీరుతది.

మూడోది: ఆపరేషన్ అయిన దిక్కు చెయ్యితోని జన్మల బరువు ఎత్తొద్దట, చెయ్యి వాస్తదట. చెయ్యి వాపున్న ఆడోళ్లతోనే మెల్లమెల్లగ బరువులు ఎత్తించి చూసిన పరీక్ష 2009లనే అచ్చైంది. వాపు పెరగలే. పోయిన కండ మంచంల పండుకుంటె వస్తదా?

ఇగ రెండోది. నా కడుపు మండేది దీనికే. "టామాక్సిఫెన్ గోళీలే లావు చేస్తయి, ఏడాది అయినంక ఆపేయండి." ఎవరయ్య నువ్వు? రొమ్ము క్యాన్సర్ మళ్ల రాకుండ ఇచ్చే గోళి అది. అసలు గోళి కొందరికి, ఉత్తుత్తి గోళి కొందరికి ఇచ్చి చూసిన పెద్ద పరీక్షలల్ల బరువు రెండు దిక్కుల దాదాపు ఒక్కతీరుగనే పెరిగింది. ఇగ ఆపితే ఏం పోతదో విను. 20 పరీక్షల లెక్కలు కలిపి 2011ల లాన్సెట్ అనే డాక్టర్ల పత్రికల అచ్చేసిన్రు: హార్మోన్ పాజిటివ్, అంటే ఒంట్లె హార్మోన్‌తోని పెరిగే రకం క్యాన్సర్ ఉన్నోళ్లు 5 ఏండ్లు మింగితే, 15 ఏండ్లల్ల ఆ జబ్బుతోని చావులు దాదాపు మూడో వంతు తగ్గినయి. రెండు కిలోల కోసం దాన్ని ఇడిసిపెట్టాల్నట! ఒళ్లంత ఆవిర్లు, రాత్రి చెమటలు, అవన్ని నిజమే, నేను పడ్డ. తట్టుకోకపోతే డాక్టర్‌ను అడుగుండ్రి, మందు మార్చే దారులున్నయి. వాట్సాప్‌ను అడుగుడు కాదు.

ఐదోది, బరువు పెరిగితే జబ్బు తిరిగొచ్చినట్టేనట. కారణం లేకుండ తగ్గితే కదా ఉరకాల్సింది! అట్లని పెరుగుడు ఉత్తగనే అని నేను అనను. ఉన్న బరువుల పదో వంతుకు మించి పెరిగినోళ్లల్ల చావులు ఎక్కువ కనబడ్డయి. అందుకే పొద్దుగాల వడ్డేపల్లి చెరువు కట్ట మీద నడుస్తున్న.

ఒక్కటి ఒప్పుకుంట. "బరువు సంగతి మీకు ముందే చెప్పరు" అని ఆ మెసేజ్‌ల ఒక లైనుంది. నాకు కూడ ఎవ్వరు చెప్పలే. సద్దుల బతుకమ్మ నాడు జాకెట్ చేతులు ఎక్కకపోతేనే తెలిసింది.

వదినా, ఇది నీకే. కీమో అప్పుడు "బలం కావాలె" అని వారం వారం నెయ్యి, బెల్లం, జీడిపప్పు లడ్డూలు తెచ్చింది ఎవరో యాదికుందా? నీ స్టీలు డబ్బ ఇంక నా దగ్గర్నే ఉన్నది. వచ్చి తీస్కపో. ఖాళీదే.